మంచు పలుకుల బెంట్లీ

ఈ నెల మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు శీర్షిక నా వంతుకు వచ్చింది. గాంధీగారి మీద, అల్లూరి సీతారామరాజు మీద, కొమురం భీం మీద ఇంతకుముందే మనవాళ్లు రాసేశారు, బాగా రాశారు కూడా. అందుకని నేను మనలో చాలామంది వినని ఒకాయన గురించి రాస్తున్నాను. పేరు విల్సన్ బెంట్లీ. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికో అనే పల్లె ఆయన ఊరు. పాడి రైతు. ఆయన రాజ్యాలేమీ ఏలలేదు, యుద్ధాలు చేయలేదు. నలభై ఆరు చలికాలాలు మంచును ఫోటో తీశాడు, అంతే. ఆ దేశంలో బడిపిల్లలకు కూడా ఆయన పేరు తెలుసు. మన హాస్టల్లో ఈమధ్య ఫోటోల పిచ్చి బాగా ముదిరింది కదా! సైన్సు సారు ఫోను సాయంత్రమయ్యేసరికి ఎవరి చేతుల్లో ఉంటుందో వార్డెన్ సారుకు కూడా తెలుసు. అందుకే ఈయన్ని ఎంచుకున్నా.

ముందు మంచు అన్న మాట సంగతి చెప్పాలి. మన ఏజెన్సీలో మంచు అంటే చలికాలం పొద్దున్నే లోయ నిండా కమ్ముకునే పొగమంచు. లేదా గడ్డికొసన నిలబడే నీటిబొట్టు. లంబసింగి వైపు బాగా చలిపడిన రోజున గడ్డిమీద తెల్లగా ఉప్పు చల్లినట్టు కూడా పేరుకుంటుంది. బెంట్లీ ఊరి మంచు ఇవేవీ కాదు. అది పైన మేఘంలోనే గడ్డకట్టి, దూదిపింజల్లాగా నెమ్మదిగా రాలే మంచు. జెరికోలో చలికాలమంతా కలిపితే సుమారు 120 అంగుళాలు పడుతుందని చెబుతారు. అంటే పది అడుగులు! ఆ దూదిపింజను దగ్గరగా చూస్తే చిన్న చిన్న పలుకులుగా ఉంటుంది. ఉప్పు పలుకు, పంచదార పలుకు అంటాం చూడండి, అలాగే మంచు పలుకు. ఒక్కో పలుకు అద్దంలా తేటగా, ఆరు మూలలతో, ముగ్గు వేసినట్టు ఉంటుంది. బియ్యపు గింజంత కూడా ఉండదు. చేతిమీద పడితే చూసేలోపు నీరైపోతుంది. మన కథంతా ఆ పలుకు దగ్గరే.

బెంట్లీ 1865 ఫిబ్రవరి 9న పుట్టాడు. నాన్న ఎడ్విన్, అమ్మ ఫానీ, అన్న చార్లెస్. అమ్మ పెళ్లికి ముందు పంతులమ్మగా పనిచేసింది. ఆమే ఇంటి దగ్గర పద్నాలుగేళ్లు వచ్చేదాకా చదువు చెప్పింది. ఇంట్లో విజ్ఞాన సర్వస్వం పుస్తకాలు ఉంటే అవన్నీ కుర్రాడు చదివేశాడు. అమ్మ పాఠాలు చెప్పేటప్పుడు వాడిన పాత మైక్రోస్కోప్ ఒకటి ఉండేది. పదిహేనేళ్ల వయసులో అది అతని చేతికొచ్చింది. తోటి కుర్రాళ్లు మంచు ముద్దలు చేసి విసురుకుంటూ ఉంటే ఇతను నీటిచుక్కలు, రాళ్లముక్కలు, పువ్వుల రేకులు, పక్షి ఈకలు దాని కింద పెట్టి చూసేవాడు. ఒకరోజు మంచు పలుకును పెట్టి చూశాడు. ఇక అంతే, మిగతావన్నీ పక్కకెళ్లిపోయాయి.

తను చూసింది ఇంకొకరికి చూపించాలంటే ఎలా? అప్పటికి అతనికి తెలిసిన దారి ఒకటే, బొమ్మ వేయడం. ఒక కన్ను మైక్రోస్కోప్‌లో, చేయి కాగితం మీద. సగం గీసేసరికి పలుకు కరిగిపోయేది. ఊపిరి తగిలినా కరిగేది. అయినా మూడు చలికాలాల పాటు వందల బొమ్మలు వేశాడు. ఒక్కటీ అతనికి నచ్చలేదు. కరిగిపోయిన ముగ్గు మళ్లీ ఎప్పటికీ రాదు కదా. మేఘంలో ఒక్కసారి పుట్టి, ఒక్కసారే నేలకు దిగి, ఎవరూ చూడకుండానే పోతుంది. ఈ మాట అతన్ని బాగా పట్టుకుంది. పెద్దయ్యాక రాసిన వ్యాసాల్లో కూడా ఆ బాధ కనిపిస్తుంది.

అప్పుడే మైక్రోస్కోప్‌ను తగిలించి ఫోటో తీసే కెమెరాలు ఉన్నాయని చదివాడు. ధర సుమారు 100 డాలర్లు. ఆ రోజుల్లో పాడి రైతుకు అది చాలా పెద్ద సొమ్ము. మన ఇళ్లల్లో ఎవరైనా కాడెద్దుల్ని అమ్మి కెమెరా కొనిపెట్టమంటే నాన్న ఏమంటాడో ఆలోచించండి. అతని నాన్న కూడా మొదట వద్దనే అన్నాడు. అమ్మే నచ్చజెప్పింది. పదిహేడేళ్ల వయసులో తనకు కెమెరా వచ్చిందని బెంట్లీయే తరువాత చెప్పుకున్నాడు. డబ్బయితే ఇచ్చాడు గానీ, ఆ కెమెరా వల్ల ఏదో మేలు జరిగిందని నాన్న ఎన్నడూ నమ్మలేదట. నాకు ఈ సంగతి చదివినప్పుడు నాన్న మీద కోపం రాలేదు. నమ్మకం లేకపోయినా అంత డబ్బు తీసి ఇవ్వడం చిన్న పనా?

కెమెరా వచ్చిందంటే ఫోటో వచ్చిందనుకునేరు. రాలేదు. నేర్పేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. జెరికో కుర్రాడికి అంతకుముందు ఒక్క ఫోటో తీసిన అనుభవం కూడా లేదు. మొదటి ప్లేట్లన్నీ మసక మసకగా, నీడల్లాగా వచ్చాయి. పలుకు అంచులు తెలిసేవి కావు. చలికాలం అయిపోయింది. మళ్లీ మంచు పడేదాకా ఆగాల్సిందే. మనమైతే ఫోనులో ఒక బొమ్మ బాగా రాకపోతే తుడిచేసి వెంటనే ఇంకోటి తీస్తాం. అతనికి ఒక తప్పు దిద్దుకోవడానికి ఒక్కోసారి ఏడాది పట్టేది.

చివరికి దొరికిన కిటుకు ఇది. కెమెరాకు వెలుతురు వెళ్లే కన్నం ఉంటుంది. దాన్ని బాగా చిన్నది చేశాడు. కన్నం చిన్నదైతే బొమ్మ తేటగా వస్తుంది. మనం దూరంగా ఉన్న బస్సు బోర్డు చదవాలంటే కళ్లు చిట్లిస్తాం చూడండి, అలాంటిదే. కానీ చిన్న కన్నంలోంచి వెలుతురు తక్కువ వెళుతుంది. దానికి మందేమిటంటే కన్నం ఎక్కువసేపు తెరిచి ఉంచడం. కొన్ని సెకన్ల నుంచి నిమిషంన్నర దాకా ఉంచేవాడు. అంతసేపూ కెమెరా కదలకూడదు, పలుకు కరగకూడదు. 1885 జనవరి 15న మొదటి ఫోటో సరిగ్గా వచ్చింది. అప్పటికి అతనికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. ప్లేటు మీద బొమ్మ చూడగానే ఆ కెమెరా పక్కన మోకాళ్ల మీద కూలబడి దండం పెట్టాలనిపించిందని ఆయన చెప్పుకున్నాడు. ఒక్క మంచు పలుకును విడిగా మైక్రోస్కోప్‌తో ఫోటో తీయడంలో ఇదే మొదటిదని చెబుతారు.

ఆయన పని చేసే తీరు నేను కొంచెం వివరంగా రాస్తాను. ఫోటో నేర్చుకునేవాళ్లకు ఇందులో చాలా ఉంది.

ఇంటి వెనక ఒక గది, మంట వేయని గది. బయట ఎంత చలో లోపలా అంతే చలి. వెచ్చగా ఉంటే పలుకు దక్కదు. కెమెరా, మైక్రోస్కోప్, కిటకీ మూడూ ఒకే వరసలో. కిటికీ వెలుతురు పలుకులోంచి దూరి, మైక్రోస్కోప్‌లోంచి కెమెరాలోకి వస్తుంది. మంచు పడుతుంటే నల్లరంగు వేసిన చిన్న చెక్కపలకను బయట పట్టుకునేవాడు. నలుపు మీద తెలుపు బాగా కనబడుతుంది కదా. పలక మీద పడ్డవాటిలో విరిగినవి, ముద్దయినవి ఉంటే ఈకతో దులిపేసి మళ్లీ పట్టేవాడు. మంచిది కనబడితే చీపురు పుల్ల కొసతో మెల్లగా ఎత్తి గాజుపలక మీదికి మార్చేవాడు. ఈక కొసతో దాన్ని గాజుకు ఆనించి సర్దేవాడు. ఇదంతా ఊపిరి బిగబట్టి! చేతులకు మందపాటి తొడుగులు. వేలితో తాకే పని లేదు. చీపురు పుల్ల, ఈక, నల్ల పలక. వందడాలర్ల కెమెరా పక్కన ఈ మూడూ కూడా అంత పనీ చేశాయి.

ఇంకో చిక్కు వచ్చింది. మైక్రోస్కోప్ తగిలించాక కెమెరా చాలా పొడుగైపోయింది. వెనక అద్దంలో బొమ్మ చూస్తూ ముందున్న ఫోకస్ మరను తిప్పాలంటే చేయి అందదు. దానికి చక్రాలు, దారం కట్టి వెనక నుంచే తిప్పుకునేలా తనే అమర్చుకున్నాడు. మన బావి గిలక లాంటి ఏర్పాటు అనుకోండి. ఆ పాత కెమెరానే చివరిదాకా వాడాడు. కొత్తది కొనలేదు. మంచి కెమెరా లేక మంచి ఫోటోలు రావడం లేదని మన డార్మిటరీలో రోజూ అనే ఒకతనికి ఈ ముక్క ప్రత్యేకంగా రాస్తున్నాను. అతని పేరు రాయను. చదివితే నవ్వుకుంటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అది ఫోటో దిద్దడం, ఇప్పుడు మనం ఎడిటింగ్ అంటున్నది.

ఆ రోజుల్లో ఫోటో ముందు గాజుప్లేటు మీద నెగెటివ్‌గా పడేది. ఇంట్లో అక్కావాళ్ల పాత పెళ్లి ఫోటోల కవరులో గోధుమరంగు రీలు ముక్కలు ఉంటాయి, చూసే ఉంటారు. అందులో తెల్లజుట్టు నల్లగా, నల్లజుట్టు తెల్లగా ఉంటుంది. దాన్ని కాగితం మీద అచ్చు వేస్తే మళ్లీ మామూలుగా వస్తుంది. బెంట్లీ తీసిన ప్లేట్లలో పలుకూ తేటే, దాని వెనక వెలుతురూ తేటే. అచ్చు వేస్తే తెలుపు మీద తెలుపు, పిండిలో ముగ్గు వేసినట్టు కలిసిపోయేది. అందుకని ఆయన నెగెటివ్‌కు ఒక నకలు తీసేవాడు. ఆ నకలు మీద పలుకు చుట్టూ ఉన్న మసిపూతను చిన్న చాకుతో గీకేసేవాడు. పూత పోయినచోట గాజు ఖాళీగా ఉంటుంది, అచ్చులో అది కటిక నలుపు అవుతుంది. నల్లటి ఆకాశంలో తెల్లటి నక్షత్రం లాగా పలుకు లేచి కనబడుతుంది. ఇవాళ ప్రపంచమంతా చూసే బెంట్లీ ఫోటోలు ఇలా గీకినవే. ఆరు కొమ్మలు, ఒక్కో కొమ్మకు చిన్న చిన్న రెమ్మలు. వాటి అంచు వెంట చాకు నడపాలి. ఒక్కో ప్లేటుకు గంటలు పట్టేది. వెంట్రుకంత జారినా పలుకు రూపమే మారిపోతుంది. అసలు నెగెటివ్‌ను మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పదమూడేళ్లు ఎవరికీ పెద్దగా తెలియకుండానే ఈ పని జరిగింది. పొద్దున పాలు పితకడం, గొడ్లకు మేత, పొలం పని. మంచు పడితే ఆ గదిలోకి. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో జార్జ్ పెర్కిన్స్ అనే ప్రొఫెసరు ప్రోత్సహిస్తే 1898లో ఇద్దరి పేరుతోనూ మొదటి వ్యాసం ఒక విజ్ఞాన మాసపత్రికలో వచ్చింది. తరువాత తనే రాయసాగాడు. 1903లో 500 ఫోటోలు స్మిత్సోనియన్ సంస్థకు పంపాడు. కాలేజీలకు, బడులకు ఒక్కో బొమ్మ అయిదు సెంట్లకు అమ్మేవాడు. మన లెక్కలో పావలా అర్ధణాల బేరం. వెళ్లిన ఖర్చు కూడా వచ్చేది కాదు. ఆయన వయసు అరవై దాటేనాటికి ఈ పని మీద పెట్టింది సుమారు 15,000 డాలర్లు, వచ్చింది 4,000 డాలర్లు. 1924లో అమెరికా వాతావరణ శాస్త్ర సంఘం ఆయనకు పరిశోధన సాయం కింద 25 డాలర్లు ఇచ్చింది. ఆ సంఘం ఇచ్చిన మొట్టమొదటి సాయం అదే. నలభై ఏళ్ల పనికి పాతిక డాలర్లు!

ఊళ్లోవాళ్లు మంచివాళ్లే గానీ బెంట్లీకి కొంచెం తిక్క అనుకునేవారు. నాన్న, అన్న కూడా టైము వేస్టు చేస్తున్నాడనే అనుకున్నారు. ఒకసారి ఊరి వాళ్లందరికీ చూపిద్దామని తెరమీద బొమ్మలు వేసి ప్రసంగం చేస్తానని చాటించాడు. టిక్కెట్టు లేదు, ఆ సాయంత్రం వాతావరణం కూడా బాగుంది. వచ్చింది ఆరుగురు. ఈ సంగతి ఆయనే ఒక పత్రికవాళ్లకు చెప్పాడు, ఏడుస్తూ కాదు, మామూలుగానే. ఆయన పెళ్లి చేసుకోలేదు. అన్న కుటుంబం, ఆయనా ఒకే ఇంట్లో వేరు వేరు భాగాల్లో ఉండేవారు. పియానో వాయించేవాడు, క్లారినెట్ వాయించేవాడు, పక్షుల కూతలు అచ్చంగా కూసేవాడట. ఇది చదివి మన హాస్టల్లో కోకిల కూత కూసే తమ్ముడు గుర్తొచ్చాడు.

మంచు లేని కాలంలో ఊరికే కూర్చోలేదు. పొద్దున్నే సాలెగూడు మీద నిలిచిన మంచుబొట్లను, కిటికీ అద్దం మీద పేరుకున్న మంచుతీగలను, మబ్బులను ఫోటోలు తీశాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది వానచినుకుల కొలత. చినుకు ఎంత ఉంటుందో కొలవడం ఎలా? పట్టుకుంటే పగిలిపోతుంది. ఆయన ఒక పళ్లెంలో జల్లించిన పిండి అంగుళం మందాన పోసి, వానలో కొద్ది సెకన్లు పట్టి లోపలికి తెచ్చేవాడు. ఒక్కో చినుకు పడ్డచోట పిండి ఉండకడుతుంది. ఆరాక ఆ ఉండలను తీసి కొలిచేవాడు. మరి ఉండా చినుకూ ఒకే సైజని నమ్మకమేమిటి? అందుకని ముందే కొలిచి పెట్టుకున్న చినుకులను పిండిలో వదిలి సరిచూసుకున్నాడు. 1898 నుంచి 1904 దాకా ఇలా 344 కొలతలు తీశాడు. పెద్ద చినుకు పావు అంగుళం దాకా ఉంది, అంతకు మించలేదు. కొన్ని వానలు పైన మంచుగా పుట్టి, దారిలో కరిగి, మనదాకా వచ్చేసరికి చినుకులవుతున్నాయని కూడా రాశాడు. పిండి, పళ్లెం, వాన. మన దగ్గర మూడూ ఉన్నాయి. వార్డెన్ సారు రెండు గ్లాసుల మైదా ఇప్పిస్తే వచ్చే తొలకరికి మనమూ కొలవొచ్చు. వంట మాస్టారిని నేను ఇప్పటికే అడిగాను, వార్డెన్ సారు చీటీ కావాలన్నాడు.

ఇప్పుడు చాకు దగ్గరికి వస్తాను. జర్మనీలో గుస్తావ్ హెల్మాన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు 1893లోనే మంచు పలుకుల మీద పుస్తకం వేశాడు. అందులో ఫోటోలు తీసింది రిచర్డ్ నాయ్‌హాస్ అనే డాక్టరు. ఆ ఫోటోల్లో పలుకులు బెంట్లీవి లాగా ముచ్చటగా లేవు. ఒకదానికి ఒక కొమ్మ పొట్టి, ఇంకోదానికి ఒక మూల విరిగింది. బెంట్లీ ఫోటోలు చూశాక ఆ జర్మనీ వాళ్లు తప్పుపట్టారు. ఈయన చాకుతో అంచులు చెక్కి పలుకు రూపాన్నే మారుస్తున్నాడని, ఇది సైన్సు కాదని. బెంట్లీ ఒప్పుకోలేదు. తాను గీకింది వెనక ఉన్న ఖాళీని మాత్రమేనని, పలుకు లోపల చేయి పెట్టలేదని, అసలు నెగెటివ్‌లు అలాగే ఉన్నాయని ఆయన వాదన.

ఎవరిది నిజం? నేను ఈ ముక్క దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. నాకు అనిపించింది రాస్తాను, మీరు ఒప్పుకోనక్కరలేదు. చాకు విషయంలో బెంట్లీ వైపే న్యాయం ఎక్కువ. అసలు ప్లేటు దాచి ఉంచాడు కనుక ఎవరైనా పక్కన పెట్టి సరిచూడొచ్చు. అబద్ధం చెప్పేవాడు అసలును దాచి ఉంచడు, పగలగొడతాడు. కానీ జర్మనీ వాళ్ల మాటలో కూడా ఒక ముల్లు ఉంది. అది చాకులో లేదు, నల్ల పలక దగ్గర ఉంది. ఈకతో దులిపేసిన పలుకుల సంగతేమిటి? నిజానికి రాలే మంచులో వంకరవి, విరిగినవి, ముద్దకట్టినవే ఎక్కువ. ఆరు కొమ్మలూ సమానంగా ఉన్నవి తక్కువ. ఇప్పటి శాస్త్రజ్ఞులు కూడా ఇదే చెబుతున్నారు. బెంట్లీకి అందం మీద మోజు. అందమైనవే ఏరాడు, అవే ఫోటో తీశాడు. మంచి పలుకులు అరుదని ఆయనకు తెలుసు. ఫోటోలు మాత్రమే చూసిన జనానికి తెలియలేదు. మంచు అంతా అలాగే ఉంటుందనుకున్నారు. క్రిస్మస్ కార్డుల మీద వేసేవన్నీ ఆయన పలుకులకు పిల్లలే. అంటే ఒక్క గీత కూడా మార్చకుండానే చూసేవాడి మనసులో బొమ్మ మారిపోయింది. ఈ రెండోది నాకు మొదట తట్టలేదు. అన్నం తింటుండగా తట్టింది.

ఇది మన గొడవ కూడా. గత నెల పత్రికకు వచ్చిన పాలపిట్ట ఫోటో మీద మూడు రోజులు ఎంత వాదించుకున్నామో మీకందరికీ తెలుసు. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను ఫోనులో తీగ తీసేసి, వెనక ఆకాశాన్ని ఇంకా నీలంగా చేసి తెచ్చారు. కొందరు ఆహా అన్నారు. కొందరు, తీగ లేకుండా పిట్ట గాల్లో కూర్చుంటుందా అన్నారు. ఇంకొకరు వెనక చందమామను కూడా పెడదామన్నారు! చివరికి అంటించలేదు, తీసినవాడు అలిగాడు. నాకైతే అలా ఆపేయడం కూడా సరి అనిపించలేదు. వెలుతురు తక్కువైతే పెంచడం, పక్కన అక్కరలేని గోడ ఉంటే కత్తిరించడం, ఇవి బెంట్లీ నలుపు చేయడం లాంటివే. పిట్ట బాగా కనబడటానికి చేసినవి. తీగ తీసేయడం అలాంటిది కాదు. పాలపిట్ట తీగ మీద కూర్చుని పురుగుల కోసం కాచుకుంటుంది. తీగ దాని బతుకులో ముక్క. చందమామ సంగతి చెప్పనే అక్కరలేదు. అందుకని పత్రిక పనిచేసేవాళ్లం కలిసి ఒక మాట అనుకున్నాం. దిద్దిన ఫోటో పక్కనే అసలు ఫోటోను కూడా చిన్నదిగా అంటించాలి. కింద ఏం మార్చారో ఒక లైను రాయాలి. ప్రింటు ఖర్చు రెట్టింపవుతుంది, దానికి హెడ్మాస్టరు గారు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ పాలపిట్ట వచ్చే నెల ఇక్కడే, ఈ మూలన, తీగతో సహా ఉంటుంది. అలిగినవాడు కూడా ఇంకా ఫోటో చెరిపేయలేదని విన్నాను.

బెంట్లీ ముసలితనం కూడా అదే గదిలో గడిచింది. కొన్ని చలికాలాల్లో మంచి పలుకులు పడేవే కావు. అలాంటి ఏడు కొన్ని డజన్ల ఫోటోలతో సరిపెట్టుకునేవాడు. 1928 ఫిబ్రవరిలో మాత్రం ఒకే తుఫానులో వందకు పైగా ఫోటోలు దొరికాయి. అప్పటికి ఆయనకు అరవై మూడేళ్లు. పండగ చేసుకున్నాడు. మొత్తం అయిదువేలకు పైగా పలుకులు తీశాడు. ఒకదాన్ని పోలినది ఇంకొకటి ఒక్కటి కూడా కనబడలేదని చెప్పేవాడు. ఏ రెండు మంచు పలుకులూ ఒకేలా ఉండవని ఇంగ్లీషు పాఠాల్లో వచ్చే మాట ఆయన వల్లే జనంలో పాకింది.

ఇన్ని ఫోటోలూ ఒక పుస్తకంగా రావాలని ఆయన కోరిక. అమెరికా వాతావరణ శాఖలో పనిచేసే విలియం హంఫ్రీస్ అనే శాస్త్రజ్ఞుడు పూనుకుని ముందుమాట, వివరాలు రాశాడు. 1931 చివర్లో పుస్తకం వచ్చింది. పేరు స్నో క్రిస్టల్స్. అందులో 2,400కు పైగా ఫోటోలు. అమ్మ ఇచ్చిన మైక్రోస్కోప్ పట్టుకున్న నాటి నుంచి లెక్కేస్తే యాభై ఏళ్ల పని. అమ్మ మాత్రం 1906లోనే చనిపోయింది, చూడలేదు. పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే, చిత్తడి మంచు తుఫానులో ఆరు మైళ్లు నడిచి ఇంటికి వచ్చాడు. జలుబు చేసింది, అది న్యుమోనియాగా మారింది. 1931 డిసెంబరు 23న తను పుట్టి పెరిగిన పొలంలోని ఇంట్లోనే కన్నుమూశాడు. అరవై ఆరేళ్లు. ఆయన గాజుప్లేట్లు ఇప్పుడు చాలాభాగం బఫెలో నగరంలోని సైన్సు మ్యూజియంలో ఉన్నాయి. గీకనివీ, గీకినవీ రెండూ.

ఆ పుస్తకం ఓడలెక్కి జపాన్ కూడా చేరింది. అక్కడ ఉత్తరాన హొక్కైడో దీవిలో ఉకిచిరో నకాయా అనే యువ ప్రొఫెసరు దాన్ని చూశాడు. భౌతికశాస్త్రం చదివినవాడు, పరిశోధనకు సామాను లేదు, మంచు మాత్రం కావలసినంత ఉంది. బెంట్లీ ఫోటోలు చూసి ఆయన కూడా మంచు పలుకుల మీద పడ్డాడు. మూడువేలకు పైగా ఫోటోలు తీశాడు. తరువాత అసలు పలుకు ఎలా పుడుతుందో చూద్దామని చలిగదిలో కుందేలు వెంట్రుక కొసన 1936లో మొదటి కృత్రిమ మంచు పలుకును పెంచాడు. ఎంత చలి, ఎంత తేమ ఉంటే ఏ రూపం వస్తుందో పట్టిక వేశాడు. పలుకు రూపం పైగాలి సంగతులు చెబుతుందని బెంట్లీ ఊహించినది అలా లెక్కకు వచ్చింది. నకాయా మంచు పలుకులను రకాలుగా విడగొట్టి జాబితా రాసినప్పుడు నక్షత్రాలు, పలకలు, సూదులు, స్తంభాల తరువాత, ఏ రూపమూ కుదరని వంకర పలుకులకు కూడా ఒక గడి కేటాయించాడు.